ఆవగింజంత పన్ను

మహబూబాబాద్,
13 ఏప్రిల్ 2025, ఆదివారం.

పూజ్యులు కళావతి మేడం గారికి,

గోళ్లలోంచి ఎర్రమట్టి ఇంకా వదలని చేతులు జోడించి మీ శిష్యురాలు జమున పెట్టే నమస్కారాలు. నేను క్షేమం. జనగామలో మీరు, మీ చెల్లెలుగారు, పిల్లలు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఎండలు అప్పుడే ముదిరాయి. మధ్యాహ్నం పూట మేడ మీద పుస్తకాల గదిలో కూర్చోకండి, రేకుల కింద ఉడికిపోతారు.

పోయిన వారం, నాతో పని చేసే క్రాంతి మీ ఇంటికి వచ్చినప్పుడు అతణ్ని మీరు నిలదీశారట. "పేపర్ల రెండు ముక్కలు వేసిన్రు, గంతే. అసలు ఏమైందో మొదటి సంది చెప్పు" అని అడిగారట. చిట్యాల పిల్లవాడు, మాట కంటే ముందు నవ్వు వస్తుంది అతనికి. "జమునక్క రాస్తది మేడం, నాకు చెప్పరాదు" అని తప్పించుకుని వచ్చాడు. మీరు ఫోన్ వదిలేసి ఎన్నాళ్లో అయింది. అయినా పాఠం చెప్పే రోజుల్లోనూ మీకు నోటిమాట మీద నమ్మకం తక్కువే. "రాసుక రాపో, నీకు సమజయిందో లేదో అప్పుడు తెలుస్తది" అనేవారు. అందుకే రాస్తున్నాను. సమజయిందో లేదో మీరే చెప్పాలి.

నిరుడు జూన్‌లో మన విశ్వవిద్యాలయానికి కొత్త వీసీ గారు వచ్చారు. వచ్చిన వారానికే అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టారు. ఉక్కపోత, ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. ఆయన కాగితం చూడకుండా మాట్లాడారు. "మనం పరీక్షలు పెడ్తున్నం, పట్టాలు ఇస్తున్నం. గది తప్పు కాదు. కని గంతేనా? కొత్త సంగతి పుట్టే జాగ కావాలె గిది. దేశంల పరిశోధన అంటే మొదటి వరుసల మన పేరు చెప్పాలె" అన్నారు. వెనక వరుసల్లో ఎవరో నవ్వారు. నా పక్కన కూర్చున్న గణపతి సార్, మీ తర్వాత మన భూగర్భశాస్త్ర విభాగానికి పెద్ద ఆయనే కదా, నా చెవిలో "ముందుగాల ల్యాబుల నల్లా నీళ్లు రానియ్యమను" అన్నారు. నేనూ నవ్వాను మేడం. నవ్వు వచ్చే మాటే అది. మన భవనం సంగతి మీకు తెలియనిదా, వానాకాలం రాగానే రాళ్ల నమూనాల అల్మారాలు తడవకుండా ప్లాస్టిక్ పట్టాలు కప్పేవాళ్లం.

కానీ ఆయన మాట చెప్పి వదిలేసే మనిషి కాదని తర్వాత తెలిసింది. పరిశోధన విశ్వవిద్యాలయాలకు ఢిల్లీ వాళ్లు ఇచ్చే ప్రత్యేక హోదా ఒకటి ఉందట. దానికి దరఖాస్తు పెట్టారు. ఫిబ్రవరిలో కమిటీ వస్తుందన్నారు. ఆ తర్వాత ఒక్కో విభాగానికి తానే నడిచి వెళ్లి, అందరినీ ఒకటే ప్రశ్న అడిగారు. "ప్రపంచంల ఎవ్వరికీ తెల్వని సంగతి మీ దగ్గర ఏదన్నా ఉందా?"

ఆ ప్రశ్నకు ఎవరైనా ఏం చెబుతారు? చాలా చోట్ల పాత నివేదికలు తీసి చూపించారట. మన విభాగానికి వచ్చినప్పుడు గణపతి సార్ బొగ్గు పొరల పటాలు బల్ల మీద పరిచారు. వీసీ గారు ఓపికగా చూసి, "గివి అందరికీ తెలిసినయే గద సార్" అన్నారు. ఏం ధైర్యమో, తలుపు దగ్గర నిలబడ్డ నేను, కాంట్రాక్టు ఉద్యోగిని, అన్నాను. "లేదు సార్. కని యాడ దొరుకుతదో తెలుసు."

మీ ఎర్రమట్టి పొర గురించే చెప్పాను మేడం. కాటారం దాటాక, అడవి అంచున, వాగు కోసిన గట్టులో మీరు మాకు చూపించిన పొర. రాక్షసబల్లుల కాలం నాటి మట్టి అది, పదహారు కోట్ల ఏళ్ల కిందటిది. "పెద్ద ఎముకల కోసం అందరు దేవులాడుతరు, కని గీ మట్టిల ఎలుకంత పానాలు బతికినయి, వాటి నోటి పండ్లు ఏడికి పోతయి?" అని మీరు అనేవారు. మీకు వెతకడానికి మనుషులు లేరు, చూడడానికి మంచి మైక్రోస్కోప్ లేదు. ఆ మాట కూడా చెప్పాను. వీసీ గారు అంతా విని, "ఏం కావాలె?" అని అడిగారు. జల్లెళ్లు, తొట్లు, నీళ్లు, ఒక తోడు మనిషి అన్నాను. ఆయనకు నవ్వు వచ్చింది. నేను ఇంకేదో పెద్ద యంత్రం అడుగుతానని అనుకున్నారేమో.

అట్లా నేను, క్రాంతి భూపాలపల్లి మీదుగా కాటారం బస్సుల్లో తిరగడం మొదలుపెట్టాం. వాగు పక్క ఊళ్లో ముత్తమ్మ అనే ఆమె ఇంటి వెనక పెరడు అద్దెకు తీసుకున్నాం. గట్టు నుంచి మట్టి తవ్వి తేవడం, ఎండబెట్టడం, తొట్లలో నానబెట్టడం, సన్నని జల్లెళ్లలో కడగడం. బురద అంతా పోయాక అడుగున మిగిలే ఇసుకను ఆరబెట్టి, పొట్లాలు కట్టి ఇక్కడికి తెచ్చి, మైక్రోస్కోప్ కింద రేణువు రేణువూ చూడడం. ముత్తమ్మ మొదట్లో మమ్మల్ని పిచ్చోళ్లనుకుంది. "మట్టిని కడిగితే ఏమొస్తది బిడ్డా, మట్టే గద!" అనేది. తర్వాత తర్వాత జాలిపడి మాకు కూడా జొన్న గట్క వండి పెట్టేది.

వానలు పోయి చలి వచ్చింది. చేప పొలుసులు దొరికాయి, మొసలి జాతి పళ్ల ముక్కలు దొరికాయి. అవి ఇదివరకు తెలిసినవే. పొట్లం తర్వాత పొట్లం. కళ్లు మూసుకున్నా ఇసుకే కనిపించేది. ఒకరోజు క్రాంతి జల్లెడ కింద పడేసి, "అక్కా, గిది అయ్యే పని కాదు. కమిటీ వచ్చే యాళ్లకు మనం గీ మట్టే చూపెట్టాలె" అన్నాడు. నేను ఆ జల్లెడ తీసి కడగడం మొదలుపెట్టాను. కాసేపటికి అతనే వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు.

జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు హాస్టళ్లకు తిరిగి వస్తున్న రోజు. పొద్దున్నే నేనొక్కదాన్నే ల్యాబులో ఉన్నాను. తడి కుంచె మొనతో ఇసుకను పక్కకు జరుపుతున్నాను. తెల్ల రేణువులు, ఎర్ర రేణువులు. వాటి మధ్య ఒక నల్లటిది మెరిసింది. గుండ్రంగా లేదు. దానికి మూడు మొనలున్నాయి. నడిమిది పొడుగు, అటూ ఇటూ చిన్నవి, మూడు కొండలు వరుసగా నిలబడ్డట్టు. కింద రెండు వేర్లు.

మేడం, నేను కుంచె కింద పెట్టేశాను. ఊపిరి తగిలితే అది ఎటు పోతుందో అని భయం. బయటికి వెళ్లి నల్లా కింద మొహం కడుక్కున్నాను. (నీళ్లు వస్తున్నాయి, వీసీ గారు ముందు ఆ పనే చేయించారు.) మళ్లీ వచ్చి చూశాను. అది అక్కడే ఉంది. ఆవగింజ కంటే చిన్నది. పన్ను. ఎలుకంత జీవి పన్ను. మీరు అన్న పన్ను.

క్రాంతి వచ్చి చూశాడు. మాటకు ముందు నవ్వేవాడు ఆ రోజు నవ్వలేదు. ఆ తర్వాత గణపతి సార్ వచ్చారు. నిలబడే కంటద్దాలు నుదుటి మీదికి తోసి వంగారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎంతసేపటికీ కన్ను తీయలేదు. చివరికి మా వైపు తిరగకుండానే, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు. "చూసిన్రా, పైపన్ను కిందిపన్నుల ఇముడుకుంటేనే ఇట్ల అరుగుతది. ఇట్ల కుదురుగ ఇమిడే పండ్లు రావాలంటే, పిల్ల పుట్టంగనే నమిలి తినొద్దు, దవడ పెరిగేదాక ఆగాలె. అంటే గీ పిల్ల తల్లి దగ్గర పాలు తాగింది." కంటద్దాలు మళ్లీ కళ్ల మీదికి దించుకున్నారు. "గీ కాటారం మట్టిల, రాక్షసబల్లుల కాళ్ల సందుల, ఓ తల్లి పిల్లకు పాలిచ్చింది."

నాకు అప్పటిదాకా పన్ను కనిపించింది. ఆయన ఆ మాట అన్నాక తల్లి కనిపించింది. చీకటి బొరియలో, వెచ్చగా, పిల్లల మీద ఒరిగి పడుకున్న తల్లి. బయట నేల అదురుతుంటే చెవులు నిక్కబొడుచుకుని. అది బతికితేనే కదా దాని తర్వాత ఇంకొకటి, ఇంకొకటి... చివరికి మనం. నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి మేడం. ఇప్పుడు రాస్తుంటే కూడా.

ఫిబ్రవరి మొదట్లో, వీసీ గారు తెప్పించిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బిగించారు. పాత జవాబుపత్రాల కట్టలు పెట్టే గది మీకు గుర్తుందా? దాన్ని ఖాళీ చేసి, సున్నం వేసి, ఏసీ పెట్టి, అందులో. దాంట్లో పన్ను పెట్టిన రోజున మా బాపు వచ్చాడు. మీరు ఆయన్ని ఒకసారి చూశారు, మాన్‌సింగ్. మరిపెడ పక్క తండా నుంచి మిర్చి బస్తాలతో ఇక్కడి మానుకోట మార్కెట్‌కు వచ్చి, కాంటా మీద తూకం అయ్యేదాకా ఏం చేయాలో తోచక నన్ను చూడ్డానికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుడికి వచ్చినట్టు గోడవారగా నిలబడ్డాడు. తెర మీద పన్ను ఇంత పెద్దగా, కొండల వరుసలా వచ్చింది. దాని మీద గీతలు, అరుగుళ్లు, ఎప్పుడో ఏదో పురుగు పెంకును కొరికినప్పుడు పడ్డ గాటు కూడా.

"గిది ఎన్నేండ్ల కిందిది?" అని అడిగాడు బాపు. చెప్పాను. కోట్లు ఆయనకు అందే లెక్క కాదు, నాకు మాత్రం అందిందా?

"అప్పుడు మన తండా లేదా?"

"మనుషులే లేరు బాపు. దేవుళ్లకు కూడ పేర్లు లేవు."

మళ్లీ అడిగాడు. "మరి గిన్నొద్దుల సంది దీన్ని ఎవ్వరు చూడలేదా?"

"ఎవ్వరు చూడలే. మనమే మొదలు."

బాపు వెనక్కి తిరిగి గదిలో ఎవరెవరు ఉన్నారో చూశాడు. క్రాంతి, గణపతి సార్, యంత్రం నడిపే అమ్మాయి, నేను. మళ్లీ తెర వైపు తిరిగి, తలకు చుట్టుకున్న తువాలు తీసి భుజాన వేసుకుని, రెండు చేతులూ జోడించాడు. ఎవరికి మొక్కాడో నేను అడగలేదు. మార్కెట్లో బస్తాలు అట్లాగే వదిలి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ నెలాఖరున కమిటీ వచ్చింది. వాళ్లలో ఒక పెద్దావిడ, ఉత్తరాదిన పేరుమోసిన పరిశోధన సంస్థ నుంచి. ప్రాచీన జీవుల పళ్ల మీదే ఆమె జీవితమంతా పని చేశారట. మిగతావాళ్లు తరగతి గదులు, లైబ్రరీ చూడ్డానికి వెళ్తే ఆమె మన దగ్గరే ఆగిపోయారు. భోజనానికి పిలిచినా లేవలేదు. అడగాల్సినవన్నీ అడిగారు. మట్టి ఎక్కడిది, పొర ఎంత మందం, ఎట్లా కడిగారు, ఇంకోచోటి ఇసుక కలవలేదని ఏమిటి నమ్మకం. ఒక్కోదానికీ జవాబు చెబుతుంటే నాకు మీ మౌఖిక పరీక్షే గుర్తొచ్చింది, అంత చెమట పట్టింది.

సాయంత్రం అందరి ముందూ ఆమె తన మనసులో మాట చెప్పారు. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ప్రేమగానే చెప్పారు. ఇలాంటి పన్ను దేశంలో చాలా అరుదు, దీన్ని లోపలిదాకా చూడగల యంత్రాలు తమ దగ్గర ఉన్నాయి, పన్నును తమ సంస్థకు అప్పగిస్తే మంచిది అన్నారు. దాంతోపాటు నన్ను కూడా రమ్మన్నారు. అక్కడ నాకు స్థానం ఇస్తామన్నారు.

గణపతి సార్ నన్ను పక్కకు పిలిచి, "పో బిడ్డా. గిసొంటి పిలుపు మళ్ల రాదు. మనతోని ఏమైతది, పన్ను పేరన్న నిలవడ్తది" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నాకు ఆశ లేదని అబద్ధం చెప్పను మేడం. తండా నుంచి వచ్చిన పిల్లను, ఆ సంస్థ పేరు మొదట మీ పాఠంలో విన్నదాన్ని. అక్కడికి పొమ్మంటే కాళ్లు ముందుకే లేచాయి.

కానీ ఆ వాగు గట్టు నాతో రాదు కదా. ఆ మట్టిలో ఇంకా ఎన్ని పళ్లున్నాయో. పన్ను, నేను వెళ్లిపోతే, రేపు మరిపెడ నుంచో మహాముత్తారం నుంచో వచ్చే పిల్ల ఈ విభాగంలో ఏం చూస్తుంది? గోడ మీద ఫొటో చూస్తుంది. అదే అన్నాను. నా ఇంగ్లీషు తడబడింది, సగం తెలుగులో అన్నాను, వీసీ గారు ఆమెకు తిప్పి చెప్పారు. "పన్ను ఇక్కడే ఉంటుంది మేడం. చూడాలనుకున్నవాళ్లను ఇక్కడికి రమ్మంటాం. గొప్ప విశ్వవిద్యాలయం అంటే బయటివాళ్లు వెతుక్కుంటూ వచ్చేదే కదా. మేము ఎప్పుడూ వెతుక్కుంటూ పోయేవాళ్లమే అయితే ఈ హోదా మాకెందుకు?"

అన్న తర్వాత నాకే భయమేసింది. ఆ పెద్దావిడ నా మొహంలోకి చూసి, కోపమో కాదో తెలియనియ్యకుండా తలూపి, కళ్లద్దాలు సంచిలో పెట్టుకున్నారు. వీసీ గారు కిటికీ వైపు తిరిగారు. ఆయన కళ్లు తుడుచుకోవడం క్రాంతి చూశాడట, నేను చూడలేదు.

అప్పటి నుంచి మన విభాగం మీరు గుర్తుపట్టలేనట్టు ఉంది. డిగ్రీ పిల్లలు మైక్రోస్కోప్ దగ్గర వరుస కడుతున్నారు. వృక్షశాస్త్రం వాళ్లు మన ఇసుకలో గింజల ఆనవాళ్లు ఉన్నాయేమోనని పొట్లాలు అడిగి తీసుకుపోయారు. తెలుగు శాఖలో ఒక మాస్టారు వచ్చి, ఆ జీవికి తెలుగులో ఏం పేరు పెడతారని రోజూ వేధిస్తున్నారు. "పాలెలుక" అంటే "అది ఎలుక కాదు సార్" అంటాం. "మరి ఏంది?" అంటారు. ఏమిటో మాకూ తెలియదు. తెలియని సంగతి ఒకటి మన దగ్గర ఉందని చెప్పుకోవడం ఎంత బాగుంటుందో మేడం! నేను ఇన్నాళ్లూ తెలిసినవే చదివాను, తెలిసినవే పరీక్షల్లో రాశాను. ఇప్పుడు పొద్దున్నే లేచి ల్యాబుకు నడుస్తుంటే, ఎవరూ కాలు పెట్టని అడవిలోకి పోతున్నట్టుంది.

ఇది కూడా మీరు దిద్దాలి. తప్పులుంటే ఎర్ర గీత కొట్టి పంపండి. మీ చెల్లెలుగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ దగ్గర మట్టిని చదవడం నేర్చుకున్న
జమున

తా.క.: అసలు సంగతి కిందికి తోసేశాను మేడం, క్షమించండి. పైనే రాస్తే మీరు మిగతాది చదవరని భయం. క్రాంతి మీ ముందు నోరు విప్పనిది కూడా అందుకే. మనకు హోదా రాలేదు. ఏప్రిల్ మొదట్లో జాబితా వచ్చింది, అందులో మన పేరు లేదు. అధ్యాపకుల ఖాళీలు ఎక్కువ, అచ్చయిన పరిశోధన తక్కువ, ఒక్క పన్ను చాలదు అని రాశారు. రాసింది తప్పు కాదు. కింద ఆ పెద్దావిడ సంతకం కూడా ఉంది. నా కాంట్రాక్టు ఉద్యోగం కూడా ఆ హోదా వస్తుందన్న ఆశ మీదే పొడిగించారు, కాబట్టి అదీ పోయింది. జూన్ నుంచి మరిపెడ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, సెలవు దొరికితే కాటారం. వీసీ గారు మళ్లీ దరఖాస్తు పెడుతున్నారు.

నిన్న ఆ పెద్దావిడ నుంచి నాకు ఒక మెయిల్ వచ్చింది. నిబంధనల ప్రకారం సంతకం పెట్టక తప్పలేదట. దసరా తర్వాత తన విద్యార్థులు ఇద్దరిని పంపుతాను, మీ దగ్గర ఉంచుకుని మట్టి కడగడం నేర్పిస్తారా అని అడిగారు. నేర్పిస్తామని రాశాను. గణపతి సార్ ఆ మెయిల్ రెండుసార్లు చదివించుకుని, రేపు అంబేద్కర్ జయంతి సెలవు కదా, నేనూ వస్తాను కాటారం అన్నారు. ఈ సాయంత్రం క్రాంతితో కలిపి ముగ్గురం భూపాలపల్లి బస్సు ఎక్కుతున్నాం. ఆ పిల్లలు వచ్చినప్పుడు గట్టు దగ్గర మొదటి పాఠం మీరే చెప్పాలి. క్రాంతి కారు మాట్లాడుకుని జనగామ వస్తాడు. కాదనకండి.